రోడ్డుకవతల అమ్మ

మా ఆడపడుచు కూతురు ఆఫీసు పనిమీద అర్జెంటీనా వెళ్ళి, బ్యూనస్ ఎయిర్స్ నగరం నడిబొడ్డునున్న పెద్ద రోడ్డు ఫోటో పంపింది. ఆ రోడ్డు పేరు ‘జూలై తొమ్మిది’. ఇదేం పేరు, తేదీలా ఉందే అనుకోకండి, నిజంగా తేదీయే! 1816లో ఆ రోజున వాళ్ళు స్పెయిన్ నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. 1930లలో వీధులకు వీధులు ఇళ్ళు పడగొట్టి ఆ రోడ్డు వెయ్యడం మొదలెట్టారు. 1936లో నడిమధ్య 67 మీటర్ల స్తంభం నిలబెట్టారు. అందరి ఇళ్ళూ పోయాయి గాని, ఫ్రెంచి రాయబార కార్యాలయం వాళ్ళు మాత్రం ససేమిరా కదలమన్నారు. చివరికి రోడ్డే పక్కకు తప్పుకుంది. ఆ రోడ్డెంత వెడల్పంటే, పచ్చదీపం ఒకసారి వెలిగితే అవతలికి చేరడం మామూలు మనుషుల వల్ల కాదు. సగంలో ఆగి, రెండోసారి వెలిగేదాకా నిలబడాలి.

ఫోటో అమ్మకు చూపించాను. అమ్మ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసి, “ఆడవాళ్ళు ఒక్కళ్ళే దాటుతున్నారే!” అంది.

నాకు రోడ్డు వెడల్పు కనిపించింది. అమ్మకు ఆడవాళ్ళు కనిపించారు. పన్నెండు నవలలు రాసినదాన్ని నేనా, అమ్మా?

అన్నట్టు, మా అమ్మ సంగతి చెప్పాలి. ఆవిడది పర్చూరు దగ్గర పల్లె. నల్లరేగడి నేల, పత్తీ మిరపా పండే ఊరు. అమ్మ పుట్టినప్పుడు అది గుంటూరు జిల్లా. 1974లో పెళ్ళయ్యేనాటికి ప్రకాశం జిల్లా. 2022 నుంచి బాపట్ల జిల్లా. గడప కదలకుండా మూడు జిల్లాలు తిరిగిన ఊరది! ఎవరూ ఆ ఊరిని అడిగి మార్చలేదు. అమ్మను మాత్రం ఎవరడిగారు కనక? తాతగారు చూపించినాయన్ని చేసుకుని, గుంటూరు బ్రాడీపేటలో కాపురానికొచ్చింది. ఫలానా లైను, ఫలానా అడ్డరోడ్డు అని అంకెలతో చెప్పుకునే ఇల్లు. ఆ అంకెల మధ్యే అమ్మకు యాభయ్యేళ్ళు గడిచాయి.

నాన్నగారు చెడ్డవారు కారు. చాలా మంచివారు, అదే చిక్కు. పండక్కి బట్టలు కొనాలంటే రిక్షా గుమ్మంలోకి వచ్చేది. శంకర్‌విలాస్ వంతెన ఎక్కేచోట రిక్షా అబ్బాయి దిగి తోస్తుంటే, “పాపం, నేనూ దిగుతానండీ” అనేది అమ్మ. “నువ్వు కూర్చో” అనేవారు నాన్నగారు. బజారులోనూ అంతే. ఆయన దిగి, బేరమాడి, పొట్లాలు తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టేవారు. రోడ్డుకవతల షాపు అయితే రిక్షానే అటు తిప్పించేవారు. రిక్షా పోయి ఆటో వచ్చింది, ఆటో పోయి కారు వచ్చింది. అమ్మ కూర్చునే ఉంది.

ఆ బజారు రోడ్డు మా ఊరికి పెద్ద రోడ్డు, మహాత్మాగాంధీ రోడ్డు. కాని ఆటో అబ్బాయిని గాంధీ రోడ్డుకి పోనిమ్మంటే తెల్లమొహం వేస్తాడు. జిన్నా టవర్ సెంటరు అంటే నోరెత్తకుండా తీసుకెళ్తాడు. స్వాతంత్ర్యానికి ముందు కట్టిన కట్టడం అది. గాంధీగారి పేరుమీద రోడ్డూ, ఆ రోడ్డుమీదే జిన్నాగారి పేరున టవరూ! పేరు మార్చాలని గొడవలొచ్చాయి. 2022 ఫిబ్రవరిలో మూడురంగులు వేశారు. టవరు మాత్రం అక్కడే ఉంది.

నాన్నగారు కిందటేడు పోయారు. సంవత్సరీకాలయ్యాక తమ్ముడు హైదరాబాదు నుంచి వచ్చాడు. ఇల్లు అమ్మేద్దామనీ, అమ్మ తన ఫ్లాటులో ఉంటుందనీ, బేరం కూడా కుదిరింది సోమవారం అడ్వాన్సు తీసుకుందామనీ అన్నాడు. వాడిదీ ప్రేమే. “అమ్మ ఒక్కతీ ఇక్కడ ఎలా ఉంటుందక్కా?” అన్నాడు.

“నిజమేరా. ఇంతవరకు రోడ్డు కూడా ఒక్కతీ దాటలేదు ఆవిడ” అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. అమ్మ పక్కనే కూర్చుని ఆరిన బట్టలు మడత పెడుతోంది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మడత పెట్టుకుంది. నా నవలలో నాయిక అయితే ఆ క్షణాన్ని నాలుగు పేజీలు రాసేదాన్ని. అమ్మది కనక పట్టించుకోలేదు.

ఫోటో చూసిన మర్నాడు అమ్మ అంది: “జిన్నా టవర్ దగ్గరికి పోదామే. రోడ్డు దాటాలి.”

“అవతల ఏం పనమ్మా?”

“దాటడమే పని.”

మిరప సీజను రోజులు. ఆసియాలోకెల్లా పెద్దదని పేరున్న మిర్చియార్డు మా ఊళ్ళోనే ఉంది కదా, ఆ రోజుల్లో గాలికి కూడా కారం పడుతుంది. ఆటో దిగి రోడ్డు పక్కన నిలబడ్డాం. బస్సులు, ఆటోలు, మోటారు సైకిళ్ళు, వాటి మధ్య ఒక తోపుడుబండి. పచ్చదీపం కోసం రెండుసార్లు ఆగడం కాదు, ఇక్కడ మనిషికోసం ఏదీ ఆగదు. అయిదు నిమిషాలైంది. “అమ్మా, ఆటో ఎక్కి చుట్టు తిరిగి అటుపక్క దిగుదామా?” అన్నాను. అనేసి నాలిక్కరుచుకున్నాను. అచ్చం నాన్నగారి మాట!

ఇంతలో అయిదారుగురు ఆడకూలీలు వచ్చారు. మిరపకాయల తొడిమలు తీసే పనివాళ్ళు. చీరల మీద మగవాళ్ళ చొక్కాలు, మెడ చుట్టూ తువ్వాళ్ళు. పని ముగించుకుని సరుకులకని దిగినట్టున్నారు.

“ఎటు పోవాల పెద్దమ్మా?” అందొకామె.

“అవతలికమ్మా.”

“అయితే రా. నడిమధ్య ఆగమాక. ఆగితేనే గుద్దుతారు.”

కారం అంటిన ఆ చెయ్యి అమ్మ చెయ్యి పట్టుకుంది. అంతే! అందరూ ఒక్క వరసగా, పొలం గట్టుమీద నడిచినట్టు రోడ్డులోకి దిగారు. నేను చెప్పు సవరించుకునేలోగా బస్సు అడ్డం వచ్చింది. బస్సు పోయాక చూస్తే వాళ్ళెవరూ లేరు. గుండె గుభేలుమంది. ఆ క్షణంలో తమ్ముడికి ఏం చెప్పుకోవాలో కూడా ఆలోచించేశాను.

మరుక్షణం టవరు దగ్గర అమ్మ కనిపించింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని తుమ్ముతోంది, నవ్వుతోంది. రోడ్డుకి ఇవతల మిగిలింది నేను!

పోలీసు కానిస్టేబులు విజిలు వేసి ఆపాక ఎలాగో చేరుకున్నాను. అప్పటికి అమ్మ టవరు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసేసింది.

“ఆరు స్తంభాలే దీనికి!” అంది, చిన్నపిల్లలా. “ఇన్నేళ్ళూ నాలుగే అనుకున్నాను. రిక్షాలోంచి నాలుగే కనిపించేవి.”

నాకు గొంతు పట్టేసింది. కారం గాలి అని సరిపెట్టుకున్నాను.

ఆ రాత్రి తమ్ముడు ఫోను చేశాడు. అమ్మే తీసింది.

“సోమవారం నాకు వీలు కాదు నాన్నా. పట్నంబజారులో పనుంది... ఆ, ఒక్కదాన్నే. ఇల్లా? ఇల్లు ఉండనీరా, నేనున్నాను కదా ఇందులో.”

ఫోను పెట్టేసి నావైపు తిరిగింది. ఏదో అనబోయాను: నేను కూడా వస్తాననో, క్షమించమనో.

“నువ్వు రావద్దులే” అంది అమ్మ. “నిన్ను కనిపెట్టుకుంటూ రోడ్డు దాటడం నావల్ల కాదు.”