అమ్మకానికి కాదు

చెన్నై శివార్లలో కొన్ని ఖాళీ స్థలాల కంచెకు ఒక పలక వేలాడుతూ ఉంటుంది. 'ఈ స్థలం అమ్మకానికి కాదు' అని దానిమీద రాసి ఉంటుంది. అమ్మదలచినవారు పలక కట్టడంలో వింత లేదు. అమ్మనివారు ఎందుకు కట్టాలి? తాము ఊరిలో లేని సమయం చూసి ఎవరో దొంగ కాగితాలతో తమ స్థలాన్ని అమ్మివేస్తారేమోనని భయం.

నేలను కొలవడంలో ఈ నగరానికి పాత పేరే ఉన్నది. దేశమంతటినీ కొలిచిన మహా సర్వేకు 1802లో విలియం లాంబ్టన్ మొదటి ఆధారరేఖను పరంగిమలై దగ్గరే కొలిచాడు. దాని పొడవు ఏడున్నర మైళ్లు. కాని కొలత గొలుసు హద్దు చెబుతుంది; హక్కుదారుని పేరు చెప్పదు.

ఆ పేరు కోసం మూడు చోట్ల వెదకాలి. దస్తావేజు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో నమోదవుతుంది. పట్టా తహసీల్దారు ఇస్తాడు. పటం సర్వేయరు గీస్తాడు. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఒక గ్రౌండు, అనగా 2400 చదరపు అడుగుల స్థలం కొన్నాడనుకోండి. రిజిస్ట్రేషను కాగానే పని తీరిందనుకొని దస్తావేజును పెట్టెలో దాచాడు. పట్టా మాత్రం అమ్మినవాని పేరనే ఉండిపోయింది. పదేళ్ల తర్వాత ఆ మనిషో, అతని కొడుకో ఆ పట్టా చూపి అదే స్థలాన్ని మరొకరికి అమ్మవచ్చు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం కింద నమోదయ్యేది లావాదేవీ మాత్రమే. అమ్మినవానికి హక్కు ఉన్నదని ప్రభుత్వం పూచీ పడదు. చివరకు కోర్టులో మొదట కొన్నవాడే గెలవవచ్చు. అప్పటికి అతనికి ఏళ్ల తరబడి వ్యాజ్యం, రెండవవానికి ముద్రలున్న ఒట్టి కాగితం!

మద్రాసుకు ఇంకొక చిక్కు కూడ ఉండేది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలకు ఒక సౌకర్యం ఇచ్చింది. అసలు దస్తావేజును అప్పిచ్చినవారి దగ్గర ఉంచితే చాలు, అది తాకట్టే. త్వరగా డబ్బు కావలసిన వర్తకులకు పనికివచ్చిన ఏర్పాటది. అయితే ఆ తాకట్టు రిజిస్టరులో కనబడేది కాదు. దస్తావేజు బ్యాంకులో ఉండగా, అది పోయిందని చెప్పి నకలు తీసుకొని స్థలం అమ్మే మోసగాళ్లకు దారి దొరికింది. తమిళనాడు 2012లో చట్టాన్ని సవరించి, అటువంటి ఒప్పందాన్ని కూడ రిజిస్టరు చేయాలన్నది. అలా రిజిస్టరైన తాకట్టు విల్లంగ సర్టిఫికెట్టులోకి ఎక్కుతుంది. తెలుగునాట ఆ కాగితాన్నే ఈసీ అంటారు.

సర్వే నంబరును విడగొట్టనక్కరలేని అమ్మకాలలో, రిజిస్ట్రేషను తర్వాత పట్టాలో పేరు దానంతట అదే మారే ఏర్పాటు ఇప్పుడు ఉన్నది. విడగొట్టవలసి వస్తే సర్వేయరు వచ్చి కొలిచి, 45ను 45/1, 45/2 చేయాలి. పాత పేరు నిలిచిపోయేది ఎక్కువగా ఇక్కడే. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్టు టారెన్స్ తెచ్చిన పద్ధతి వేరు. ప్రభుత్వ పుస్తకంలో ఎవరి పేరుంటే వారే యజమాని. ఇక్కడ అటువంటి పూచీ లేదు. కనుక కొనేవారే 30 ఏళ్ల విల్లంగం తీయించి, దస్తావేజులోని పేరూ పట్టాలోని పేరూ ఒకటేనా అని సరిచూసుకొంటారు. కొన్న తర్వాత పట్టా మార్పించుకొంటారు. అటుపిమ్మట కూడ అప్పుడప్పుడు స్థలం దగ్గరకు వెళ్లి, ఆ పలకమీది దుమ్ము తుడిచి వస్తుంటారు.