చుక్క పక్కన సున్నా... దీప్తి చెప్పిన పాఠం!

*ఒలింపిక్స్, పారాలింపిక్స్ వస్తే పిల్లలు టీవీ ముందు నుంచి కదలరు. చదువు పాడవుతుందని పెద్దల బెంగ. అదే ఆటను లెక్కల క్లాసులోకి తెస్తే? కాశిబుగ్గ పిల్లలకు అందుకు దూరపు ఉదాహరణలు అక్కర్లేదు. సొంత జిల్లా అమ్మాయే ఉంది.*

వరంగల్ నుంచి నర్సంపేట దారి పట్టుకుంటే వచ్చే రద్దీ ప్రాంతం కాశిబుగ్గ. పలాస పక్కనున్న కాశీబుగ్గ వేరు, ఇది ఓరుగల్లు వాళ్లది. బుగ్గ అంటే నీటి ఊట. ఇప్పుడిక్కడ ఊటలా ఉబికేది జనమే! ఆ పక్కనే ఎనుమాముల వ్యవసాయ మార్కెట్. మిర్చి సీజన్లో బస్తాల బండ్లు బారులు తీరతాయి. ఆ ఘాటుకు దారిన పోయేవాళ్లకూ తుమ్ములే.

సరుకు అమ్మిన రైతు తక్‌పట్టీ చేతికి రాగానే తూకం అంకె చూసుకుంటాడు. మిర్చి ధర క్వింటాలుకు 15 వేలు అనుకుందాం. 0.05 క్వింటాలు అంటే 5 కిలోలు, 750 రూపాయలు. చుక్క పక్కన సున్నా జారిపోతే అదే 7,500! ఇంత విలువైన చుక్క అయిదో తరగతి పుస్తకంలో కనిపిస్తే మాత్రం పిల్లలకు బెరుకు. 55.07కూ 55.7కూ తేడా ఏమిటంటే తలలు గోక్కుంటారు.

కల్లెడ నుంచి పారిస్ దాకా

ఆ తేడా తెలియాలంటే జీవాంజి దీప్తి పరుగు చూడాలి. ఆమెది వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ. 2024 మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి టి20 విభాగంలో ప్రపంచ రికార్డు సృష్టించింది. అంతకుముందు రికార్డు అమెరికాకు చెందిన బ్రియానా క్లార్క్ పేరిట 55.12. తేడా 0.05 సెకను. సున్నాను మరిచి 55.7 అని రాస్తే రికార్డే లేదు!

అదే ఏడాది సెప్టెంబర్ 3న పారిస్ పారాలింపిక్స్ ఫైనల్. ఉక్రెయిన్ అమ్మాయి యూలియా షుల్యార్ 55.16తో స్వర్ణం, తుర్కియే అమ్మాయి ఐసెల్ ఒండర్ 55.23తో రజతం గెలిచారు. 55.82తో దీప్తికి కాంస్యం.

తరగతి గదే ట్రాక్

ఈ మూడు అంకెలు బోర్డు మీద రాస్తే చాలు, ఓ పూట పాఠం సిద్ధం. 400ను 55.82తో భాగిస్తే సెకనుకు 7 మీటర్ల పైచిలుకు. అంటే తరగతి గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా... ఒక్క సెకనులో! స్వర్ణానికీ రజతానికీ మధ్య 0.07 సెకను. నేల మీద కొలిస్తే అర మీటరు. కోబె రికార్డులోని 0.05 సెకను పిల్లల సంచిలో ఉండే స్కేలు కన్నా కాస్త ఎక్కువ, అంతే.

మైదానం లేని బడి అయినా దిగులు లేదు. 10 మీటర్ల తాడుతో ఆవరణలో 40 సార్లు కొలిస్తే 400 మీటర్లు. మామూలుగా నడిస్తే 5 నిమిషాలు పడుతుంది. గడియారం ఒకరు చూడాలి, ఒకరు రాయాలి, ఒకరు నడవాలి. కోబె, పారిస్, హాంగ్‌జౌ (2023 ఆసియా పారా క్రీడల్లో దీప్తి స్వర్ణం గెలిచిన చోటు) పటంలో వెతికితే భూగోళం. సెప్టెంబర్‌లో పారిస్‌లో రాత్రి 7 అయితే ఇక్కడ 10.30 ఎందుకని అడిగితే సూర్యుడు, భూమి పాఠం. దీప్తి ఎదురైతే ఏమడుగుతారో అయిదు ప్రశ్నలు రాయమంటే తెలుగు పాఠం.

చివరి బెంచీ వారికీ

టి20 అంటే మేధో వైకల్యం ఉన్న క్రీడాకారుల విభాగం. చిన్నప్పుడు దీప్తిని చూసి వెక్కిరించినవారున్నారని తల్లి ధనలక్ష్మి విలేకరులతో చెప్పారు. తల్లిదండ్రులు కూలి పనులు చేసి పెంచారు. కల్లెడలోని బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పరుగును గమనించారు. తర్వాత కోచ్ నాగపురి రమేశ్ సాన పట్టారు. ఆ ఊరి నుంచే విలుకత్తె వర్ధినేని ప్రణీత 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్లింది.

ప్రతి తరగతిలోనూ పాఠం ఆలస్యంగా అందుకునే పిల్లలుంటారు. లెక్క చెప్పలేని పిల్లే తాడు కొలతలో ముందుండొచ్చు, నడకలో అందరినీ దాటొచ్చు. ఆ రోజు టీచర్ ఆమె పేరు పిలిస్తే తోటివారి చూపు మారుతుంది. దశాంశాల కన్నా పెద్ద పాఠం ఇదే.

ఆదివారం సరదాగా...

ఇంట్లోవాళ్లూ చేయగల పని ఒకటుంది. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి పిల్లల్ని తీసుకెళ్లండి. 2021 సెప్టెంబర్‌లో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు అక్కడే జరిగాయి. పంజాబ్ అమ్మాయి హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో ముగించి, 2002లో సునీతా రాణి నెలకొల్పిన 4 నిమిషాల 6.03 సెకన్ల జాతీయ రికార్డును బద్దలు కొట్టింది. తేడా ఎంతో పిల్లల్నే చెప్పమనండి. వేళ్లు మడిచినా, నేల మీద గీసినా సరే... తొందరపెట్టకండి!