తాళాల ఊరిలో ఒక తలుపు

ఢిల్లీ నుండి కాన్పూరు దిశగా సాగే రైలుమార్గంపై, సుమారు 130 కిలోమీటర్ల దూరంలో అలీగఢ్ ఉన్నది. తాళాల తయారీకి ఈ ఊరు దేశమంతటా ప్రసిద్ధి. పాత పట్టణపు ఇరుకు సందులలో నడిచేవారికి ఇత్తడిపై ఆకురాయి చేసే చప్పుడు వినిపిస్తుంది. రైలుపట్టాలు ఊరిని రెండుగా విడదీస్తాయి. ఒకవైపు ఎత్తైన దిబ్బమీద పాత జామా మసీదు, దాని చుట్టూ బజారులు. రెండవవైపు విశాలమైన వీధులు, చెట్ల నీడలు, ఎర్ర ఇటుకల కట్టడాలు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం ఆ రెండవవైపున ఉన్నది.

మత విశ్వాసానికీ, నూతన విజ్ఞానానికీ ఒకే ప్రాకారంలో చోటు కల్పించవచ్చునా? పందొమ్మిదవ శతాబ్దంలో ఈ ప్రశ్న వేసుకొని, దానికి సమాధానాన్ని ఇటుకతో, సున్నంతో కట్టి చూపిన వ్యక్తి సమాధి ఇక్కడనే ఉన్నది. ఆయన పేరు సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్.

ఆయన 1817లో ఢిల్లీలో, మొగలు దర్బారుతో సంబంధమున్న కుటుంబంలో జన్మించారు. యౌవనంలో ఆయన దృష్టి గతంపైననే నిలిచింది. ఢిల్లీ నగరపు పాత కట్టడాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, 1847లో వాటిపై ఒక బృహద్గ్రంథం ప్రకటించారు. పదేళ్ళు గడిచేసరికి తాను వర్ణించిన లోకమే కూలిపోయింది. 1857 తిరుగుబాటు నాటికి ఆయన బిజ్నోరులో కంపెనీ ప్రభుత్వ న్యాయశాఖ ఉద్యోగి. ఢిల్లీలో బంధువులు కొందరు మరణించారు. అష్టకష్టాలు పడిన తల్లి, ఆయన వచ్చి మీరట్‌కు తీసుకొని వెళ్ళిన కొద్దికాలానికే కన్నుమూసింది. దేశం విడిచి ఈజిప్టు వెళ్ళిపోదామా అన్న ఆలోచన కూడా ఆయనకు వచ్చింది. చివరకు ఇక్కడనే ఉండి పనిచేయాలని నిశ్చయించుకున్నారు.

ఆ పని మొదట అనువాదంతో ఆరంభమైంది. 1864లో గాజీపూరులో ఆయన స్థాపించిన సైంటిఫిక్ సొసైటీ ఇంగ్లీషు శాస్త్ర, చరిత్ర గ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చేది. ఆయనతోపాటే ఆ సంఘం అలీగఢ్ చేరింది. రాజా జయకిషన్ దాస్ వంటి హిందూ మిత్రులు దానికి అండగా నిలిచారు. 1869లో ఇంగ్లండు వెళ్ళి, కేంబ్రిడ్జి విద్యావిధానాన్ని చూసి తిరిగివచ్చిన సయ్యద్, 1870 డిసెంబరులో ‘తహజీబుల్ అఖ్లాఖ్’ అనే పత్రిక ప్రారంభించారు. భోజన మర్యాదల నుండి ఖురాన్ వ్యాఖ్యానం వరకు అందులో చర్చకు రాని విషయం లేదు.

ఆ చర్చలన్నింటికీ మూలమైన భావం ఒక్కటే. ఖురాన్ దైవవాక్కు, ప్రకృతి దైవసృష్టి. రెండింటికీ కర్త ఒక్కడే అయినప్పుడు వాటి మధ్య నిజమైన వైరుధ్యం ఉండటానికి వీలులేదు. కనిపించిన వైరుధ్యం మన అవగాహనలోని లోపమే. కనుక పూర్వుల మాటను ప్రశ్నించక అనుసరించే ‘తఖ్లీద్’ చాలదు. మూలగ్రంథాన్ని ఆధారంగా చేసుకొని స్వయంగా విచారించే ‘ఇజ్తిహాద్’ కావాలి. ఒకప్పుడు ఈ విచారణ సాగినందువల్లనే ముస్లిం నాగరికత వికసించిందనీ, మళ్ళీ సాగితేనే అది పునరుజ్జీవిస్తుందనీ ఆయన విశ్వాసం.

ఈ మాటలకు ప్రతిఫలంగా ఆయనకు లభించినది తీవ్రమైన నింద. ప్రకృతివాది అన్న అర్థంలో ‘నేచరీ’ అని ఎగతాళి చేశారు. ప్రత్యర్థులు మక్కా నుండి సైతం ఆయనకు వ్యతిరేకంగా ఫత్వాలు తెప్పించారు. 1880 ప్రాంతాల హైదరాబాదులో నివసించిన జమాలుద్దీన్ అఫ్ఘానీ, ఈ ప్రకృతివాదులను ఖండిస్తూ పారశీకంలో ఒక గ్రంథమే వ్రాశాడు. అఫ్ఘానీ కూడా ముస్లిం లోకపు పునరుజ్జీవనాన్నే కోరినవాడు. అయితే పాశ్చాత్య ఆధిపత్యాన్ని ఎదిరించకుండా దానిని సాధించలేమని ఆయన మతం.

విమర్శల మధ్యనే 1875 మే నెలలో అలీగఢ్‌లో పాఠశాల తెరుచుకున్నది. 1877 జనవరి 8న వైస్రాయి లిట్టన్ కళాశాలకు శంకుస్థాపన చేశారు. చందాల కోసం సయ్యద్ చేయని ప్రయత్నం లేదు. తెల్లని గడ్డంతో, ఆ వయస్సులో, అలీగఢ్ ప్రదర్శనలో రంగస్థలమెక్కి పద్యాలు చదివి డబ్బు వసూలు చేశారు. దాతల పేర్లను గోడలపై చెక్కించారు. వాటిలో హిందువుల పేర్లు కూడా ఉన్నాయి. ఈ కళాశాల నుండి మొదట పట్టభద్రుడైన విద్యార్థి ఈశ్వరీ ప్రసాద్ అనే హిందువు.

గడియారమున్న విక్టోరియా ద్వారం దాటితే ఆ కళాశాల ప్రాంగణం కనిపిస్తుంది. స్ట్రాచీ హాలు, విద్యార్థుల గదులు, మూడు గుమ్మటాల మసీదు ఒకదానికొకటి కొద్ది అడుగుల దూరంలోనే ఉంటాయి. యాత్రికుని కంటికి ఇది సామరస్య చిత్రంగా తోస్తుంది. అయితే ఈ ప్రాంగణం వెనుక ఒక రాజీ దాగి ఉన్నది. సయ్యద్ మతభావాలకు జడిసి జనం పిల్లలను పంపరేమోనన్న భయం ఏర్పడినప్పుడు, ఆయన మత బోధనను సంప్రదాయ పండితులకే విడిచిపెట్టారు. తాను సంవత్సరాల తరబడి వ్రాసిన ఖురాన్ వ్యాఖ్యానాన్ని తన కళాశాలలోనే పాఠ్యంగా ఉంచలేదు. తరగతి గదిలో కొత్త విజ్ఞానం, మసీదులో పాత పాఠం పక్కపక్కనే చేరాయి. వాటి మధ్య తలుపు తెరవాలన్న ఆయన అసలు కోరిక మాత్రం వాయిదా పడింది.

ఆ లోటును ముందుగా గుర్తించినవారిలో ఇక్కడ అరబ్బీ, పారశీక భాషలు బోధించిన షిబ్లీ నోమానీ ఒకరు. ఆయన తర్వాత లక్నోలోని నద్వా సంస్థలో సంప్రదాయ విద్యనే లోపలినుండి సంస్కరించబూనారు. అలీగఢ్ పట్టభద్రులు ఉద్యోగాలలో, రాజకీయాలలో రాణించారు. విశ్వాసాన్ని కొత్తగా విచారించే పని అంత వేగంగా సాగలేదు.

స్థాపకునికి ఉన్న హద్దులను కూడా దాచనక్కరలేదు. 1887లో ఆయన ముస్లింలను కాంగ్రెసుకు దూరంగా ఉండమన్నారు. ఆ సలహాను 1920లో ఇక్కడి విద్యార్థులే కొందరు ధిక్కరించి, సహాయ నిరాకరణలో చేరి, జామియా మిల్లియాకు ప్రాణం పోశారు. వారిలో ఒకరైన జాకీర్ హుస్సేన్ తర్వాత రాష్ట్రపతి అయ్యారు. బాలికలకు పాఠశాలలు పెట్టే సమయం రాలేదని సయ్యద్ భావించారు. 1906లో షేక్ అబ్దుల్లా, వహీద్ జహాన్ బేగం దంపతులు అలీగఢ్‌లోనే బాలికల పాఠశాల తెరిచారు. 1920లో కళాశాల విశ్వవిద్యాలయమైనప్పుడు దాని మొదటి కులపతి భోపాల్ బేగం సుల్తాన్ జహాన్. 2024లో నయీమా ఖాతూన్ ఇక్కడ ఉపకులపతి పదవి చేపట్టిన మొదటి మహిళ అయ్యారు. గురువు ఆగిన చోటునుండి శిష్యులు ముందుకు నడవడమే ఇజ్తిహాద్ అనుకుంటే, ఇవన్నీ దానికి సాక్ష్యాలే.

మన హైదరాబాదుకు కూడా ఈ కథలో భాగమున్నది. సయ్యద్ మనుమడు రాస్ మసూద్ హైదరాబాదు విద్యాశాఖకు అధిపతిగా పనిచేసి, 1918లో ఉర్దూ మాధ్యమంతో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయ నిర్మాణంలో పాలుపంచుకున్నారు. తాతగారి అనువాద సంఘపు కల అక్కడ విశ్వవిద్యాలయ స్థాయిలో కొన్ని దశాబ్దాలు సాగింది. ఆ తర్వాత 1929లో ఆయన అలీగఢ్ ఉపకులపతిగా వచ్చారు.

1960లో నెహ్రూ ప్రారంభించిన మౌలానా ఆజాద్ గ్రంథాలయాన్ని చూడక అలీగఢ్ యాత్ర ముగియదు. హజ్రత్ అలీ చేతివ్రాతగా చెప్పుకొనే చర్మపత్రం అక్కడ భద్రంగా ఉన్నది. మొగలు చక్రవర్తుల ఫర్మానాలు, పారశీకంలోనికి వెళ్ళిన సంస్కృత గ్రంథాలు ఉన్నాయి. తాటాకులపై తెలుగులో వ్రాసిన ఆయుర్వేద గ్రంథం కూడా ఆ సంపదలో చేరి ఉన్నది. ఎక్కడి తెలుగు వైద్యుని తాటాకులో ఈ ఉత్తరాది గ్రంథాలయంలో పదిలంగా ఉన్నాయంటే తెలుగువాని మనస్సు పులకించక మానదు.

మసీదు పక్కనే సయ్యద్ సమాధి. 1898 మార్చిలో ఆయన మరణించేనాటికి చేతిలో ధనం మిగలలేదు. అంత్యక్రియల ఖర్చు హైదరాబాదు కొలువు చేసివచ్చిన మిత్రుడు మొహ్సినుల్ ముల్క్ భరించారు. సాయంకాలం అజాన్ వినిపించగానే కొందరు విద్యార్థులు పుస్తకాలు చంకన పెట్టుకొని ఆ సమాధి పక్కనుండి మసీదులోనికి వెళతారు. నమాజు ముగించుకొని మళ్ళీ అదే దారిన గ్రంథాలయానికి మరలుతారు. ఆ కొద్ది అడుగుల దూరాన్ని లోలోపల కూడా దాటగలమా అన్నదే సయ్యద్ వేసిన ప్రశ్న. తాళాల ఊరిలో ఆ తలుపునకు చెవి దొరికినదని ఇంకా చెప్పలేము. వెదికేవారు మాత్రం ప్రతి సాయంత్రమూ ఆ దారిన నడుస్తూనే ఉన్నారు.