రన్ అంటే పరుగేనా?

ఇంగ్లిష్ క్రియ 'రన్'కి ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువువాళ్లు లెక్కగట్టిన అర్థాలు 645. 1989 నాటి రెండో కూర్పులో అన్నిటికన్నా ఎక్కువ అర్థాలున్న పెద్దరికం 'సెట్'ది, అప్పుడు దానికి 430. ఈ అంకెలు చూసి పిల్లలు బెదిరిపోనక్కర్లేదు. ముక్కు కారినా, కుళాయి పారినా, బస్సు తిరిగినా, దుకాణం నడిపినా, అమెరికాలో ఎన్నికల్లో నిలబడినా అన్నీ రన్నే. ఏ అర్థమో తేల్చేది పక్కనున్న మాట. మనకిది కొత్తేమీ కాదు. నిద్ర పట్టింది, తుప్పు పట్టింది, రెండు గంటలు పట్టింది, చొక్కా ఒంటికి పట్టింది. వీటి జాబితా మనచేత ఎవరు బట్టీ పట్టించారు?

అది అమ్మభాష, వింటూ పెరిగాం, పరాయి భాష అలా రాదు అనొచ్చు. నిజమే. అందుకే, ఇంగ్లిష్ వినే వీలు లేని పిల్లలకు మాటని ఒంటరిగా కాక జతతో నేర్పాలంటాను. 'రన్ అంటే పరుగెత్తు' అని నోట్సులో రాయించి వదిలేస్తే, 'రన్ అవుట్ ఆఫ్ మనీ' దగ్గర పిల్లాడు ఆగిపోతాడు. అక్కడ పరుగు లేదు, డబ్బులైపోయాయంతే. పరీక్షలో ఒక్క అర్థం రాస్తే చాలు కదా అంటారు కొందరు. చదివి జవాబు రాయమనే పేరా కూడా ఆ పరీక్షలోనే ఉంటుంది, అక్కడ ఆ ఒక్క అర్థంతో గట్టెక్కడం కష్టం.