రోజూ చూసేదే మళ్లీ చూడటం



2020 మార్చిలో మన మందిరాలతో పాటు లండన్‌లోని టేట్ మోడరన్ మ్యూజియం కూడా మూతపడింది. అక్కడ అమెరికా చిత్రకారుడు ఆండీ వార్‌హోల్ జీవితకాల చిత్రాల ప్రదర్శన మొదలై అయిదు రోజులే అయింది. వాళ్లు దాన్ని వీడియో తీసి అందరికీ చూపించారు. నేను పూతలపట్టులో ఫోన్‌లో చూశాను. చిన్నప్పుడు బొగ్గుముక్క దొరికితే గోడంతా బొమ్మలు వేసిన చేయి నాది. సేవలోకి వచ్చాక ఎవరూ వద్దనలేదు గానీ తీరిక లేక ఆగిపోయింది.

1962లో ఆయన సూపు డబ్బాల బొమ్మలు వేశాడు. 32 రకాల సూపు, 32 పటాలు. ఇదేం కళ అని నవ్వినవాళ్లు చాలామంది. మన జిల్లావాళ్లం మాత్రం నవ్వలేం. కాయల కాలం వస్తే మన తోతాపురి గుజ్జు కూడా డబ్బాల్లోకే పోతుంది. ఆ డబ్బా వెనుక మన తోట ఉంది, మన ఆడబిడ్డల కూలి ఉంది. అయినా ఎవరం నిలబడి చూస్తాం? ఆయన చూశాడు. తర్వాత ఆయన వాడిన పద్ధతి కూడా మనకు తెలిసిందే: పెళ్లిపత్రికలు అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగ్.

వాళ్లమ్మ జూలియా భక్తురాలు. పిట్స్‌బర్గ్‌లో వాళ్లు వెళ్లిన చర్చిలో పరిశుద్ధుల పటాలు వరుసలుగా ఉండేవి. 1986లో ఆయన, లియొనార్డో వేసిన ప్రభువు రాత్రి భోజన చిత్రాన్ని ఒకే కాన్వాస్ మీద 60 సార్లు అచ్చువేశాడు. మరుసటి ఏడాదే చనిపోయాడు. పండుగనాడు న్యూయార్క్‌లోని ఒక చర్చిలో ఇల్లులేనివాళ్లకు ఆయన అన్నం వడ్డించేవాడని చాలామందికి అప్పుడే తెలిసింది.

ఆ 60 బల్లలు చూసి నా కళ్లు చెమర్చాయి. ఆ నెలల్లో మనకు ప్రభువు బల్ల లేదు. అదే రొట్టె, అదే పాత్ర, అవే మాటలు; నెలనెలా జరిగేదే కదా అనుకునే ఆ బల్ల కోసం అప్పుడు ఎంత ఆకలి వేసిందో మీకూ తెలుసు.

బొమ్మలంటే విగ్రహాలేమోనని కొందరు పెద్దలు భయపడతారు. మొక్కడం వేరు, చూడటం వేరు. నిర్గమకాండం 31వ అధ్యాయం చదవండి. బెసలేలును దేవుడు తన ఆత్మతో నింపింది చేతిపని కోసమే. నేను మళ్లీ పెన్సిల్ పట్టాను. సండేస్కూల్ పిల్లలకూ కాగితాలిచ్చాను.

ఈ వారం మీ ఇంట్లో రోజూ వాడే చెంబో, చాటో తీసుకుని రెండు నిమిషాలు నెమ్మదిగా చూడండి. దాని వెనుక ఎవరి చేతులున్నాయో తలచుకుని స్తుతించండి.

ప్రభువు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.