నాలుగు చక్రాల మీద నలుగురం

“పిల్లిని గోనెసంచిలో వేసి కాలవ అవతల వదిలేయండి మాస్టారూ, రెండు రోజులు అరిచి అదే బతుకుతుంది. కుక్కదేముంది, వీధిలో పది ఇళ్లున్నాయి, ఎవరో ఒకరు ముద్ద పడేస్తారు.”

మేము ఊరు మారుతున్నామని తెలియగానే ఇరుగుపొరుగువారు మాకు ఇచ్చిన సలహా ఇది. వారిని తప్పుపట్టడానికి లేదు. మన పల్లెటూళ్లలో ఊరు విడిచేవారు ఎప్పుడూ చేసేది అదే. మేము కూడా ఒక రాత్రంతా ఆ మాటే ఆలోచించాం. తెల్లవారి తలుపు తీసేసరికి జిమ్మీ గడప మీద అడ్డంగా పడుకుని ఉంది. దాని వీపు మీద కాళ్లు చాపుకుని చిట్టి నిద్రపోతోంది. తొమ్మిదేళ్లుగా ఒకటి, ఐదేళ్లుగా ఒకటి మా చేతి ముద్ద తిన్నాయి. ఇక మాట్లాడుకోవలసిన అవసరం మా ఇద్దరికీ రాలేదు.

ఇది 2023 మే నెల సంగతి. మాది భీమవరం దగ్గర ఒక చిన్న ఊరు. బడి ఉద్యోగాల నుంచి విశ్రాంతి తీసుకున్నాం. మా చిన్నమ్మాయి మదనపల్లెలో నర్సు. అల్లుడికి దూరాన ఉద్యోగం. మూడేళ్ల పసివాడితో ఒంటరిగా అవస్థ పడుతూ, “మీరొచ్చి నా దగ్గరుండండి నాన్నా” అని అడిగింది. సామాను లారీలో పంపించాం. రైల్లో వెళ్దామంటే, కుక్క కోసం ఫస్ట్ క్లాసు కూపే మొత్తం మన పేరున ఉండాలి, లేదా దాన్ని గార్డు పెట్టెలోని బోనులో వేయాలి. మా దగ్గర పాత మారుతి ఓమ్ని వ్యాను ఒకటి ఉంది. ఏసీ లేదు. దారి చూస్తే 600 కిలోమీటర్లకు పైనే. అయినా అందులోనే వెళ్దామనుకున్నాం.

రెండు వారాల ముందు నుంచే సిద్ధపడ్డాం. మండలంలోని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి రెంటికీ రేబిస్ టీకాలు వేయించి, ఆ పుస్తకాలు చేతి సంచిలో పెట్టుకున్నాం. మూత ఉన్న వెదురుబుట్ట ఒకటి కొని, అందులో చిట్టి పడుకునే పాతచీర ముక్క పరిచి, రోజూ దాని పాలు ఆ బుట్టలోనే పెట్టాం. నాలుగో రోజుకి బుట్ట దాని సొంత ఇల్లయింది. వ్యానులో వెనక సీటు తీసేసి, జిమ్మీకి గోనెపట్టా పరిచాం. ఒక ప్లాస్టిక్ తొట్టెలో ఇసుక, రెండు డబ్బాల నీళ్లు, పాత తువ్వాళ్లు సర్దుకున్నాం. కిటికీలకు దోమతెర గుడ్డ కత్తిరించి కట్టాం. బయలుదేరే ముందు రాత్రి తిండి పెందలాడే పెట్టేశాం. నిండు కడుపుతో బండెక్కితే జంతువులకూ మనలాగే వాంతులవుతాయి.

తెల్లవారుజామున మూడింటికి బయలుదేరాం. ఆకివీడు దాటి కైకలూరు వైపు వచ్చేసరికి కొల్లేటి గాలిలో చేపల చెరువుల వాసన గుప్పుమంది. అంతవరకూ బుట్టలో గగ్గోలు పెట్టిన చిట్టి ఒక్కసారిగా నోరు మూసి, ముక్కు సందులోంచి బయటపెట్టింది. మొత్తం ప్రయాణంలో దానికి నచ్చిన చోటు అదొక్కటే! బెజవాడలో కృష్ణ దాటేసరికి తెల్లవారింది. గుంటూరు, చిలకలూరిపేట, ఆ తర్వాత గుండ్లకమ్మ వంతెన, ఒంగోలు. మనుషులు పశువుల్ని వెంటబెట్టుకుని దూరాలు పోవడం ఈ తీరానికి కొత్త కాదు. పందొమ్మిదో శతాబ్దంలో మన ఒంగోలు జాతి పశువులు ఓడలెక్కి బ్రెజిల్ వెళ్లాయి. అక్కడ ఈనాటికీ వాటి సంతతిని నెల్లూరు పేరు మీద ‘నెలోర్’ అనే పిలుస్తారు. ఆ కబుర్లు చెప్పుకుంటూ ఎంతో హుషారుగా సాగాం. హుషారులోనే మనిషి పొరపాటు చేస్తాడు.

సింగరాయకొండ దాటాక రోడ్డు పక్కన ఒక టిఫిను హోటలు కనబడింది. టైము దాదాపు పది. బండిని వేపచెట్టు నీడలో ఆపాం. అద్దాలు నాలుగు వేళ్ల సందు దించి, “పది నిమిషాల్లో వచ్చేద్దాం” అనుకుంటూ ఇద్దరం లోపలికి వెళ్లాం. జనం ఎక్కువ. పది నిమిషాలు పాతికయ్యాయి. మేము లోపల ఇడ్లీ కోసం చూస్తుండగా చెట్టు నీడ కాస్తా పక్కకు జరిగిపోయింది.

పక్కనే పంక్చర్లు వేసే కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. “సార్, ఆ వ్యాను మీదేనా? కుక్క పడిపోయుండాది!”

తలుపు లాగేసరికి లోపలి గాలి పొయ్యి దగ్గర గాలిలా ముఖానికి కొట్టింది. జిమ్మీ పక్కకు ఒరిగిపోయి, నాలుక ఎర్రగా వేలాడేసి, చొంగ కారుస్తూ ఎగపోస్తోంది. మమ్మల్ని చూసి లేవబోయి కాళ్లు నిలవక కూలబడింది. చిట్టి బుట్టలో నోరు తెరిచి రొప్పుతోంది. పిల్లి అలా నోటితో రొప్పడం మేమెన్నడూ చూడలేదు. మాకు చేతులు ఆడలేదు. ఆ కుర్రాడే ట్యూబు ముంచే తొట్టెలోంచి బకెట్టు నీళ్లు తెచ్చి కుక్క పొట్ట మీద, తొడల మధ్య, అరికాళ్ల మీద పోశాడు. మేము అట్టముక్కలతో విసిరాం. తడిగుడ్డతో చిట్టి చెవులు, పాదాలు తుడిచాం. బలవంతంగా గొంతులో నీళ్లు పోయలేదు. కాసేపటికి జిమ్మీ తనంతట తానే తల ఎత్తి రెండు గుక్కలు తాగింది. ఆ కుర్రాడు డబ్బు తీసుకోలేదు. “బండి ఆపినప్పుడు ఒకరన్నా బయట ఉండాల గదా సార్” అన్నాడు అంతే. పిల్లలకు ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మేము తలవంచుకుని విన్నాం.

కావలిలో పశువైద్యుని దగ్గరకు వెళ్లాం. ఆయన సెలైన్ పెట్టి, తీరిగ్గా మాకు అర్థమయ్యేలా చెప్పారు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. పట్టేదల్లా దాదాపు అరికాళ్లలోనే. ఒంటి వేడిని రొప్పుతూ బయటకు పంపాలి. చుట్టూ ఉన్న గాలే వేడెక్కితే ఎంత రొప్పినా లాభం లేదు. దాని మామూలు ఒంటి వేడి 38, 39 డిగ్రీల మధ్య. 41 దాటితే ప్రాణం మీదికొస్తుంది. అద్దం కాస్త దించామంటే ఆయన తల అడ్డంగా ఊపారు. 2005లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఎండలో ఆపిన కారును పరీక్షించారట. బయట వాతావరణం చల్లగా ఉన్నా, వేడిగా ఉన్నా గంటలో లోపల సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే. అద్దం కొద్దిగా దించినందువల్ల పెద్ద తేడా కనబడలేదు. పసిపిల్లలకూ ఇదే ప్రమాదమని ఆయన మరీ మరీ చెప్పారు. మూడేళ్ల మనవడు గుర్తొచ్చి మాకు ఒళ్లు జలదరించింది.

ఆయన మాట ప్రకారం ఆ ఆవరణలోని చెట్టు కింద సాయంత్రం ఐదింటి దాకా ఉండి, చల్లబడ్డాక కదిలాం. పెన్న దాటి నెల్లూరు చేరేసరికి దీపాలు పెట్టారు. రెండు లాడ్జీల్లో “కుక్కంటే ఓనరు ఒప్పుకోడు సార్” అన్నారు. మూడో చోట, కుక్కను కింద మోటారు గదిలో కట్టేయమన్నారు. పొద్దున జరిగినదాని తర్వాత దాన్ని మరో గదిలో పెట్టి తలుపు వేయడానికి మాకు చేయి రాలేదు. ఊరు దాటి, లారీలు ఆగే ఒక పెట్రోలు బంకు పక్కన బండి నిలిపాం. దోమతెరల్లోంచి గాలి వస్తోంది. పక్క లారీ డ్రైవరు వచ్చి, తెల్లవారి ఎండ ఎటునుంచి పడుతుందో చూపించి, బండిని కొంచెం అటు తిప్పి పెట్టుకోమన్నాడు. “మాకూ ఏడాదిలో సగం రోజులు లారీయే ఇల్లండీ. మా ఇంట్లో ఇద్దరమే. మీ ఇంట్లో నలుగురున్నారు” అని నవ్వాడు. తలుపులన్నీ వేశాక చిట్టిని ఇసుక తొట్టె కోసం బుట్టలోంచి వదిలితే, అది డ్రైవరు సీటు కింద దూరి రాదు. ఎండుచేప ముక్క చూపించి బయటకు రప్పించేసరికి గంట పట్టింది.

మర్నాడు చీకటితోనే లేచి నాయుడుపేట దగ్గర పెద్దరోడ్డు విడిచి శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి వైపు తిరిగాం. గంటన్నరకోసారి ఆగడం, ఒకరం బండి దగ్గరుంటే ఒకరం దిగడం, కుక్కను గొలుసుతోనే దించి నడిపించడం, నీళ్లు పట్టడం. అలా ఆగినందువల్లే స్వర్ణముఖి ఇసుకను, భాకరాపేట ఘాటు రోడ్డు పక్కన అడవిని తీరిగ్గా చూడగలిగాం. మా అంతట మేమైతే ఒక్క ఊపున దాటిపోయేవాళ్లం. ఘాటు మలుపుల్లో చిట్టి వాంతి చేసుకుంది. పీలేరు దాటాక మాత్రం గాలి మారింది. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. 1915లో క్షయరోగుల కోసం మిషనరీలు తెరిచిన ఆరోగ్యవరం ఆసుపత్రి ఉన్నది ఈ ఊరి దగ్గరే. రొమ్ము జబ్బులవారికి మేలు చేసిన ఆ పొడిగాలికి మా జిమ్మీ రొప్పు కూడా తగ్గింది.

కష్టం అక్కడితో తీరలేదు. మేము మాట్లాడుకున్న ఇంటికి సున్నం ఇంకా ఆరలేదు. పైగా ఇంటి యజమాని, “కుక్కా పిల్లీ ఉన్నాయని ముందే చెప్పలేదే” అన్నాడు. నిజమే, చెప్పకపోవడం మా తప్పే. అమ్మాయి ఉండేది ఆసుపత్రివారి ఒంటిగది. అక్కడ జంతువులకు అనుమతి లేదు. పగలు ఒకరం మనవడి దగ్గర, ఒకరం బండి దగ్గర ఉంటూ, ఆ ఇంటి ఎదుట చింతచెట్టు కింద మూడు రాత్రులు వ్యానులోనే కాపురం చేశాం. చుట్టుపక్కలవారు మొదట వింతగా చూశారు. రెండో రోజు పక్కింటామె వచ్చి, “ఏం మా, ఇట్ల బండ్లో ఎన్నాళ్లుంటారు? కుక్కను మా కొట్టంలో కట్టేయండి” అంటూ వేడి రాగిసంగటి తెచ్చి ఇచ్చింది. గోదావరి అన్నం తప్ప ఎరగని జిమ్మీ ఆ సంగటి ముద్దను గిన్నెతో సహా నాకింది.

నాలుగో నాడు పొద్దున్నే యజమాని తాళంచెవి తెచ్చాడు. “మూడు రాత్రులు బండ్లో పండుకున్నారు గానీ వాటిని ఇడ్సలేదు. ఇట్లాంటోళ్లు నా బాడిగ యాడ ఎగ్గొడ్తారు?” అన్నాడు.

కుక్కకు మనిషి ఉన్నచోటే ఇల్లు, పిల్లికి ఇల్లు అలవాటయ్యాకే మనిషి. అందుకని చిట్టిని రెండు వారాలు ఒకే గదిలో ఉంచాం. తర్వాత ఒక సాయంత్రం తలుపు తెరిచి వదిలాం. గోడెక్కింది, చింతచెట్టు వైపు చూసింది, కనబడకుండా పోయింది. మేము మాట్లాడకుండా అరుగు మీద కూర్చున్నాం. దీపాలు పెట్టే వేళకు వచ్చి, తన వెదురుబుట్టలో ముడుచుకుంది.

చదువరులారా, మీరూ పిల్లల సెలవులకో, బదిలీ మీదో బండి కట్టవలసిన రోజు వస్తుంది. ఇంట్లో నోరులేని ప్రాణి ఉంటే దానికీ చోటు చూడండి. టీకా వేయించండి, దిగే ఇంటివారికి ముందే చెప్పండి, చల్లటి వేళ ప్రయాణం చేయండి. ఇక మాది ఒక్క మాట. ఇప్పుడు మా బండి ఎక్కడ ఆగినా, ఎంత ఆకలి వేసినా, ఇద్దరం ఒకేసారి దిగం. ఒకరు తిని వచ్చాకే రెండోవారు. ఆ పంక్చర్ల కుర్రాడు నేర్పిన పాఠం అది.