తారు లెక్క

ఎండాకాలం మధ్యాహ్నం అల్వాల్‌లో రాజీవ్ రహదారి దాటుతుంటే చెప్పుల అడుగున తారు మెత్తగా తగలడం ఇక్కడివారికి కొత్త కాదు. ఇంతకీ తారు ఘనమా, ద్రవమా? ఎంతసేపు చూస్తామన్నదాన్ని బట్టి ఉంటుంది. తారుకు దగ్గర చుట్టమైన పిచ్‌ను సుత్తితో కొడితే పెళ్ళున పగులుతుంది. అదే పిచ్‌ను ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో గరాటులో పోసి, 1930లో మూతి తెరిచి వదిలేశారు. 2014 నాటికి జారినవి తొమ్మిది చుక్కలు!

ఈ స్వభావానికి స్నిగ్ధస్థితిస్థాపకత అని పేరు. నోరు తిరగదు గాని, మాట సార్థకమే. రబ్బరులా వెనక్కు వచ్చే గుణమూ, తేనెలా సాగిపోయే గుణమూ ఒకేచోట కాపురం చేస్తాయి. రోడ్డులో కంకర కూడా తోడవుతుంది కనుక అది మిశ్రమ పదార్థం. లెక్క కట్టేవారు దీన్ని స్ప్రింగులుగా, నూనెలో కదిలే ముషలకాలుగా ఊహించుకుంటారు. రెండూ వరుసగా తగిలిస్తే మాక్స్‌వెల్ నమూనా, పక్కపక్కన కడితే కెల్విన్-వాయిట్ నమూనా. ఆ రెండింటినీ జతచేసినది బర్గర్స్ నమూనా. బరువు తీయగానే రోడ్డు కొంత వెంటనే లేస్తుంది, కొంత నింపాదిగా లేస్తుంది, మిగిలినది ఇక లేవదు. ఆ మార్పుకు మన పాఠ్యపుస్తకాలు పెట్టిన పేరు వికృతి. వ్యాకరణం చదివిన నాకు ఆ మాట వినగానే ముందు ప్రకృతి గుర్తొస్తుంది, అది వేరే సంగతి.

పోయిన వానాకాలంలో మా కూడలి దగ్గర పాలు పోసే అతను బండి చక్రం గాడిలో పడి జారిపోయాడు. కాలు విరిగి ఆరు వారాలు మంచం మీదే ఉన్నాడు. "కాంట్రాక్టరు తినేశాడు" అని అందరూ తేల్చేశారు. తినలేదని నేను చెప్పలేను. కాని ముప్పై అడుగులు అవతల, అదే పనివాళ్ళు అదే రోజు పోసిన రోడ్డు చదునుగానే ఉంది. తిన్నవాడు సిగ్నల్ దగ్గర మాత్రమే తింటాడా?

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే లారీ చక్రం ఒక బిందువు మీద ఉండేది సుమారు సెకనులో యాభయ్యోవంతు. ఎర్రదీపం దగ్గర నిమిషం ఆగితే దానికి మూడువేల రెట్లు. తిరిగిరాని వికృతి బరువు నిలిచిన కాలాన్ని బట్టి పెరుగుతుంది కనుక, ఆ ముషలకానికి ఆగిన ఒక్క చక్రం, పరుగెత్తిన మూడువేల చక్రాలతో సమానం. దానికి ఎండ తోడు. మన దేశంలో ఒకప్పుడు తారును 25 డిగ్రీల దగ్గర సూది గుచ్చి గ్రేడు కట్టేవారు. 2006లో ప్రమాణం మారి, 60 డిగ్రీల దగ్గర స్నిగ్ధత కొలవడం మొదలైంది. మన మే నెల రోడ్డుకు సరిపోయే కొలత అదే. వీజీ-30 రకానికి కనీసం 2400 పాయిజులు, వీజీ-40కి 3200. బళ్ళు ఆగేచోట గట్టి రకమో, పాలిమర్ కలిపినదో వేస్తే గాడి ఆలస్యంగా పడుతుంది. దారి పొడవునా అక్కర్లేదు, ఆగే ఆ కాస్త మేరకే చాలు.

దీన్నే బొమ్మతో సహా అర్జీగా రాసి ఇచ్చాను. ముద్ర వేసిన నకలు నా దగ్గరుంది. వాళ్ళు మాత్రం గాళ్ళను పాత రకం మిశ్రమంతోనే పూడ్చారు. మొన్న మే చివరలో చెక్క స్కేలు పెట్టి చూస్తే, లోతైనచోట మళ్ళీ అంగుళంన్నర వచ్చింది. పాలతను ఇప్పుడు కూడలికి ఇవతలే బండి ఆపి, క్యాన్లు మోసుకుంటూ నడిచి దాటుతున్నాడు.